మట్టి నూరడం, తడి పీల్చడం: మా మిల్లు నేర్పిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు అడిగినప్పుడు మేం ముగ్గురం కూర్చొని ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు చాలామంది రాస్తారు. మాకు బాగా తెలిసింది మట్టి పని. తడిని పీల్చే మట్టిని ఎండబెట్టి, నలగ్గొట్టి, జల్లించి అమ్మడమే మా బతుకుతెరువు. తాండూరు పక్కన ఒక చిన్న మిల్లును లీజుకు తీసుకొని నడుపుతున్నాం. అందుకే ఆ పనినే పాఠంగా రాస్తున్నాం. సైన్సులో మీరు చదువుకునే గుప్తోష్ణం, ఆర్ద్రత, ఉపరితల వైశాల్యం అనే మూడు మాటల మీదే మా మిల్లు నడుస్తుంది. పరీక్షకు కంఠస్థం చేసినప్పుడు ఇవి అన్నం పెడతాయని మేమూ అనుకోలేదు.

ముందుగా ఒక పెట్టె సంగతి చెప్పాలి. మేం ఈ హాస్టల్లో చేరింది 1997లో, పదో తరగతి ముగించి వెళ్ళింది 2002లో. అప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో రేకు పెట్టె. బట్టలు, సబ్బు, పుస్తకాలు, ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, అన్నీ అందులోనే. 2001 వానాకాలంలో గోడలు చెమ్మెక్కి, పెట్టెల అడుగు తుప్పుపట్టింది. మాలో ఒకరి కుల ధ్రువపత్రం పెట్టె అడుగున ఉండేది. తీసి చూస్తే బూజు. ముద్రా సంతకం కలిసిపోయి నీలం మరకలా తయారైంది. మరుసటి ఏడు పాలిటెక్నిక్ కౌన్సెలింగులో ఆ కాగితం చెల్లదన్నారు. కొత్తది తెచ్చుకునేలోగా అనుకున్న బ్రాంచిలో సీటు అయిపోయింది. ఆ కాగితం పక్కన రెండు గుప్పెళ్ళ ఎండు మట్టి మూటకట్టి పెడితే మేలు జరిగేదని అప్పుడు మాకెవరికీ తెలియదు. ఈ పాఠం చివర ఆ మూట ఎలా చేయాలో చెబుతాం.

1. ఏ మట్టి తడిని పీలుస్తుంది?

అన్ని మట్టులూ కొంత తడిని పట్టుకుంటాయి. కానీ కొన్ని మట్టుల తీరే వేరు. వేసవిలో నల్లరేగడి చేలో నడిచారా? కాలు దిగేంత బీటలుంటాయి. వాన పడగానే నేల ఉబ్బి ఆ బీటలు పూడిపోతాయి. నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ జాతి ఖనిజం ఉండడమే దీనికి కారణం. ఈ ఖనిజం నిర్మాణం పుస్తకంలో పేజీల్లా పలుచటి పొరలు పొరలుగా ఉంటుంది. నీటి అణువులు ఆ పొరల మధ్య దూరుతాయి. ఆరినప్పుడు బయటికి పోతాయి.

అంగడిలో ముఖానికి రాసుకొనే ముల్తానీ మట్టి కూడా ఇలాంటి పీల్చే మట్టే. ఇంగ్లీషులో దీన్ని ఫుల్లర్స్ ఎర్త్ అంటారు. పూర్వం ఉన్ని బట్టల్లోని జిడ్డు తీసేవాళ్ళను ఇంగ్లండులో ఫుల్లర్లు అనేవారు. వాళ్ళు వాడిన మట్టి కనుక ఆ పేరు నిలిచింది. మన దేశంలో ఇది ఎక్కువగా దొరికేది రాజస్థాన్‌లో. మన వైపు తాండూరు ప్రాంతంలోనూ నాపరాళ్ళతో పాటు ఈ మట్టి ఉంది. మేం చదివేనాటికి అది రంగారెడ్డి జిల్లా. 2016 నుంచి వికారాబాద్ జిల్లా.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. స్పాంజి నీటిని తన కడుపులోకి లాక్కుంటుంది. అది శోషణం. మట్టి పొరల ముఖాలకు నీటి అణువులు అంటుకోవడం అధిశోషణం. మట్టి ఈ రెండు పనులూ చేస్తుంది. నేల మీద ఒలికిన నూనెను పీల్చేటప్పుడు మొదటిది, గాలిలోని చెమ్మను పట్టేటప్పుడు రెండోది ముఖ్యం.

2. మెత్తగా నూరితే ఎక్కువ పీలుస్తుందా?

మిల్లు మొదలుపెట్టిన రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం. ఎంత మెత్తగా నూరితే అంత గొప్ప సరుకు అని మురిసిపోయాం. అది తప్పని లెక్క వేసుకున్నాక తెలిసింది. మీరూ వేయండి.

1 సెంటీమీటరు భుజమున్న మట్టి ఘనాన్ని తీసుకోండి. ఆరు ముఖాలు కనుక దాని ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1 మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1,000 ముక్కలవుతాయి. మొత్తం వైశాల్యం 60 చ.సెం.మీ. ఇంకా సన్నగా 0.1 మిల్లీమీటరు ఘనాలుగా చేస్తే 10 లక్షల ముక్కలు, వైశాల్యం 600 చ.సెం.మీ. అంటే ఇంత కష్టపడి నూరితే వచ్చిన పైముఖం జెరాక్సు తీసే ఏ4 కాగితం ఒకవైపు అంత.

ఇప్పుడు లోపలి పొరల సంగతి చూడండి. శుద్ధమైన మాంట్‌మోరిల్లొనైట్ ఒక్క గ్రాములో పొరల ముఖాలన్నీ కలిపితే దాదాపు 700 నుంచి 800 చదరపు మీటర్లు. పురుషుల కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, అంటే 130 చదరపు మీటర్లు. ఒక గ్రాములో ఐదారు కోర్టులు దాగి ఉన్నాయన్నమాట! మన ఘనం బరువు దాదాపు రెండు గ్రాములు. నేల నుంచి తీసిన మట్టిలో ఇసుక, సున్నం కలిసి ఉంటాయి కాబట్టి అంత వైశాల్యం రాదు. అందులో సగమే ఉందనుకున్నా, ఐదారు కబడ్డీ కోర్టుల ముందు మనం నూరి తెచ్చిన ఒక్క కాగితం ఎంత?

కాబట్టి పీల్చే శక్తి మిల్లు ఇచ్చింది కాదు. అది మట్టిలో ముందే ఉంది. మిల్లు చేయాల్సిందల్లా నీటికి లోపలికి దారి ఇవ్వడం. ఆ శక్తిని పాడుచేయకుండా ఉండడం.

3. మరి ఎంత నూరాలి?

మైదా పిండి కుప్ప మీద నీళ్ళు పోసి చూడండి. పైన ముద్దకట్టి, లోపల పొడిగానే ఉంటుంది. అదే ఉప్మా రవ్వ మీద పోస్తే నీళ్ళు గింజల సందుల్లోంచి దిగిపోతాయి. మట్టి కూడా అంతే. మరీ మెత్తనైతే పైపొర జిగురై దారి మూసేస్తుంది. మరీ పెద్ద గడ్డలైతే తడి లోపలికి చేరడానికి చాలా సేపు పడుతుంది. అందుకని వాడకాన్ని బట్టి పరిమాణం:

నేల మీద ఒలికిన నూనె, డీజిల్ పీల్చడానికి: ఆవగింజ నుంచి సజ్జగింజ దాకా.
పెంపుడు పిల్లులు మలమూత్రాలు విసర్జించే తొట్టిలో వేయడానికి: రవ్వ నుంచి జొన్నగింజ దాకా.
పెట్టెల్లో, పార్శిళ్ళలో చెమ్మ పట్టే మూటలకు: ఆవగింజ నుంచి జొన్నగింజ దాకా.
వంటనూనెల రంగు తీసే శుద్ధి కర్మాగారాలకు: మెత్తటి పిండి. ఇక్కడ మట్టిని వేడి నూనెలో కలిపి, తర్వాత వడకడతారు కనుక పిండే కావాలి.

పిల్లుల కోసం మట్టా అని నవ్వకండి. అదొక పెద్ద వ్యాపారం. 1947లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ లో అనే యువకుడిని పొరుగింటామె పిల్లి తొట్టిలోకి ఇసుక అడిగింది. అతను ఇసుకకు బదులు, నేల మీద నూనె పీల్చడానికి అమ్మే ఫుల్లర్స్ ఎర్త్ గింజలిచ్చాడు. అవి ఆమెకు నచ్చాయి. ఆ ఒక్క సంచితో మొదలైన సరుకు తర్వాత దేశదేశాలకు పాకింది. గమనించండి, అతనిచ్చింది గింజలు, పిండి కాదు.

4. అసలు ఖర్చు నూరడంలో లేదు, ఆరబెట్టడంలో ఉంది

ఇదే ఈ పాఠంలో ముఖ్యమైన మాట. ఒక టన్ను పచ్చి మట్టిలో 30 శాతం నీరుందనుకుందాం. అంటే 300 కిలోల నీరు, 700 కిలోల మట్టి. దీన్ని 10 శాతం తడికి ఆరబెట్టాలి. అప్పుడు 700 కిలోల మట్టి మొత్తంలో 90 శాతం అవుతుంది. మొత్తం బరువు దాదాపు 778 కిలోలు. కాబట్టి పోవాల్సిన నీరు 222 కిలోలు.

నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకు 540 కేలరీలని మీకు తెలుసు. 222 కిలోలకు దాదాపు 1,20,000 కిలోకేలరీలు. కరెంటు లెక్కలో ఇది 139 యూనిట్లు. ఎండు కట్టె కిలోకు 3,500 కిలోకేలరీలు ఇస్తుందనుకుంటే 34 కిలోల కట్టెలు. పొయ్యిలో సగం వేడి వృథా అవుతుంది కనుక నిజానికి 70 కిలోల దాకా కావాలి. మట్టి రాయిలా గట్టిది కాదు. దాన్ని గింజలుగా నలగ్గొట్టడానికి టన్నుకు పట్టే కరెంటు ఇందులో చిన్న భాగమే.

మరి ఈ వేడిని ఉచితంగా ఇచ్చేదెవరు? మన ఎండ. చలి దేశాల మిల్లులు ఏడాది పొడవునా గ్యాసో బొగ్గో కాల్చి ఆరబెట్టాలి. మనకు ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండ ఉంది, పొడిగాలి ఉంది. కానీ అదే ఉష్ణమండలం జూన్ నుంచి మరో ముఖం చూపిస్తుంది. వేసవి మధ్యాహ్నం బాగా పడిపోయే సాపేక్ష ఆర్ద్రత ఆగస్టులో 80 శాతం దాటుతుంది. గాలే తడిగా ఉంటే మట్టిలోని తడి ఎక్కడికి పోతుంది? అందుకే వానాకాలానికి పిడకలు ముందే దాచుకున్నట్టు, మట్టినీ వేసవిలోనే ఎండబెట్టి దాచుకోవాలి.

5. మేం చేసిన తప్పు

2012 ఆగస్టులో మాకు మొదటి పెద్ద ఆర్డరు వచ్చింది. ఎండు మట్టి నిల్వ లేదు. అయినా ఒప్పుకున్నాం. తవ్విన పచ్చి మట్టిని రెండు రోజులు షెడ్డులో ఆరబోసి, హామర్ మిల్లులో వేశాం. పదిహేను నిమిషాల్లో జాలీ కన్నాలన్నీ పూడుకుపోయాయి. లోపల మట్టి ముద్దకట్టి సుత్తులకు అంటుకుంది. మోటారు వేడెక్కి ఆగిపోయేది. ఆపడం, విప్పడం, గోకడం, మళ్ళీ నడపడం, నాలుగు రోజులు ఇదే తంతు. ఒకసారి తొందరలో మెయిన్ స్విచ్ తీయకుండానే మాలో ఒకరు లోపల చెయ్యి పెట్టబోయారు. ఇంకొకరు అరిచి లాగబట్టి ఆ చెయ్యి ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నది. ఆ తర్వాత స్విచ్ తీసి, ఫ్యూజు తన జేబులో వేసుకున్నవాడే మిల్లు విప్పాలని నియమం పెట్టుకున్నాం.

చివరికి ఎలాగో సంచులు నింపి పంపాం. పది రోజులకు సరుకు తిరిగొచ్చింది. సంచుల్లో గింజలు గడ్డకట్టాయి. తడి పీల్చాల్సిన మట్టి మా దగ్గరే, మా షెడ్డు గాలిలోనే, తడి తాగేసింది. లారీ కిరాయి రెండు వైపులా మేమే కట్టుకున్నాం. ఆ అప్పు తీరడానికి ఏడాది పట్టింది.

6. ఇప్పుడు మేం చేసే పద్ధతి

మొదట దొడ్డుగా పగలగొట్టడం. తవ్విన గడ్డలను నిమ్మకాయంత ముక్కలు చేస్తాం. పెద్ద గడ్డ పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. చిన్న ముక్కకు గాలి తగిలే ముఖం ఎక్కువ. ఉపరితల వైశాల్యం నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

తర్వాత ఎండబెట్టడం. నాపరాళ్ళు పరిచిన కళ్లం మీద నాలుగు వేళ్ళ మందాన పరుస్తాం. మిరపకాయలు తిరగేసినట్టు రోజుకు మూడు నాలుగుసార్లు పారతో తిరగేస్తాం. పొద్దుగూకే ముందు కుప్పచేసి టార్పాలిన్ కప్పుతాం. లేకపోతే రాత్రి మంచు పగటి ఎండను మింగేస్తుంది.

మూడోది పరీక్ష. చెయ్యి పట్టి చూసే పరీక్ష ఒకటుంది. ముక్కను నలిపి పిడికిట బిగిస్తే ముద్ద కట్టకూడదు, పొడిపొడిగా రాలాలి. లెక్క ప్రకారం కావాలంటే 100 గ్రాములు తూచి, 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్లో బరువు మారనంత వరకు ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. ఎన్ని గ్రాములు తగ్గితే అంత శాతం తడి.

నాలుగోది నూరడం. మన అమ్మమ్మలు రోట్లో పసుపు ఎలా దంచేవారో గుర్తు చేసుకోండి. కాసేపు దంచి, జల్లించి, దిగిన పొడిని పక్కన పెట్టి, జల్లెడ మీది గరుకునే మళ్ళీ రోట్లో వేసేవారు. దిగిందాన్ని మళ్ళీ దంచడం దండగని వాళ్ళకు తెలుసు. మా మిల్లులోనూ అదే సూత్రం. ఒకేసారి మెత్తగా కొట్టం. మట్టిని రెండు ఇనుప రోలర్ల మధ్య నలిపి, ఊగే జల్లెడ మీద వేస్తాం. సరైన గింజ వెంటనే సంచికి పోతుంది. పెద్దది మాత్రమే రోలర్లకు తిరిగి వెళ్తుంది. హామర్ మిల్లు దెబ్బకు మట్టి చిట్లి పిండి ఎక్కువవుతుంది. రోలర్లు నొక్కుతాయి కనుక గింజ ఎక్కువ, పిండి తక్కువ. హామర్ మిల్లే ఉన్నవాళ్ళు వేగం తగ్గించి, జాలీ కన్నం పెద్దది చేసుకోవచ్చు.

ఐదోది వేడి జాగ్రత్త. చెమ్మ పట్టే మూటల కోసం చివరగా కొద్దిగా వేడిచేస్తాం. 110, 120 డిగ్రీలు చాలు. ఇటుకలా ఎర్రగా కాల్చితే పొరల మధ్య చోటు శాశ్వతంగా మూసుకుపోతుంది, మట్టి ఉబ్బే గుణం పోతుంది. కాలిన కుండను నానబెడితే మళ్ళీ మట్టి అవుతుందా? కాదు కదా!

చివరిది నిల్వ. గోరువెచ్చగా ఉండగానే లోపల పాలిథిన్ ఉన్న సంచిలో నింపి, మూతి కుట్టేస్తాం. సంచులను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంగా పేరుస్తాం. వానాకాలంలో ఒక్క రాత్రి తెరిచి ఉంచిన సంచి వేసవి కష్టాన్ని వెనక్కి తీసుకుపోతుంది.

7. దుమ్ము సంగతి

మాకు మిల్లు పని నేర్పిన పెద్దాయన అంతకుముందు పలుగురాయి పొడి చేసే చోట చాలా ఏళ్ళు పనిచేశాడు. నలభై దాటేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరి రోజుల్లో పడుకోలేక గోడకు ఆనుకొని కూర్చునేవాడు. మట్టిలోనూ కొంత సిలికా ఉంటుంది. దాని సన్నటి దుమ్ము కంటికి కనపడదు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. పాడైన ఊపిరితిత్తిని తిరిగి బాగుచేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే దారి.

మన హాస్టల్ పిల్లల్లో ఎంతోమంది తల్లిదండ్రులు క్రషర్లలో, బట్టీలలో, మిల్లుల్లో కూలికి పోతారు. ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళకు ఈ మాటలు చెప్పండి. తువ్వాలు ముఖానికి చుట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. పొడి చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. మిల్లు నోటి దగ్గరే దుమ్ము లాగే ఫ్యాను, గుడ్డ సంచి వడపోత ఉండాలి. పని బట్టలతో చంటిపిల్లలను ఎత్తుకోకూడదు. పిండి తక్కువయ్యేలా నూరితే ఖర్చే కాదు, ఈ దుమ్మూ తగ్గుతుంది. ఆరోగ్యం, ఆదా ఒకే దారిలో ఉండడం ఈ పనిలో మాకు దొరికిన అదృష్టం.

8. మీరు చేసి చూడండి: పెట్టెలో పెట్టే మట్టి మూట

కావలసినవి: గడ్డ ముల్తానీ మట్టి అర కిలో (దొరకకపోతే నల్లరేగడి గడ్డలు, ఇవి కాస్త తక్కువ పీలుస్తాయి), వంటింటి జల్లెడలు రెండు, దళసరి నూలు గుడ్డ, తక్కెడ.

గడ్డలను రెండు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టండి. ముక్కూ నోరూ మూసే మాస్కు పెట్టుకొని, ఆరుబయట నెమ్మదిగా నలగ్గొట్టండి. పెద్ద కన్నాల జల్లెడలో దిగి, సన్న జల్లెడ మీద నిలిచిన గింజలనే తీసుకోండి. వాటిని ఇనుప పెనం మీద సన్నని సెగన అరగంట వేడిచేయండి. సెగ దగ్గర పని వంటమనిషి లేదా కామాటి దగ్గరుండగానే చేయాలి. చల్లారగానే రెండు గుప్పెళ్ళు గుడ్డలో మూటకట్టి, తూచి, ఆ బరువు చీటీ మీద రాసి పెట్టెలో పెట్టండి.

వారానికోసారి తూచండి. బరువు పెరుగుతూ ఉంటే మూట చెమ్మ పడుతున్నట్టు. మంచి రకం మట్టి తన బరువులో ఐదో వంతు దాకా పట్టగలదు. బరువు పెరగడం ఆగిపోతే మూట నిండిందన్నమాట. మళ్ళీ పెనం మీద ఆరబెట్టి వాడుకోవచ్చు. పెట్టె మూత సరిగా పడకపోతే మాత్రం మూట మీ పెట్టెను వదిలి గది మొత్తాన్ని ఆరబెట్టబోతుంది, అది దానివల్ల కాదు. వాన నీరు నేరుగా కారేచోట కూడా మూట ఆదుకోదు. అక్కడి నుంచి పెట్టెనే జరపాలి. 

కాగితాలను ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో మీ పదో తరగతి మెమో, ధ్రువపత్రాలు భద్రపరచుకునే వీలుంది, అదీ చేసుకోండి. అయినా ఒరిజినల్ అడిగే చోట ఒరిజినలే చూపించాలి.

ప్రశ్నలు

1. ఒక టన్ను మట్టిలో 25 శాతం నీరుంది. 10 శాతానికి ఆరబెట్టాలంటే ఎన్ని కిలోల నీరు పోవాలి? ఎన్ని కిలోకేలరీల వేడి కావాలి?
2. మీ మూట బరువు జనవరిలో ఎక్కువ పెరుగుతుందా, ఆగస్టులోనా? ఎందుకు?
3. ఒకే బరువున్న మట్టి పిండిని, మట్టి గింజలను రెండు గ్లాసుల్లో పోసి, చెరో చెంచా నూనె వేయండి. ఏది ముందు అడుగుదాకా తడుస్తుంది? గడియారం పట్టి రాయండి.

జవాబులు రాసి వార్డెన్ సారుకిస్తే మాకు అందుతాయి. వచ్చే వేసవి సెలవుల్లో మిల్లు చూడాలనుకునేవారు మీ సైన్సు సారుతో కలిసి రండి. కళ్లం మీద మట్టి తిరగేస్తూ మిగతా పాఠం చెప్పుకుందాం. ఈ లోగా వానలు మొదలయ్యేలోపు ఒకసారి మీ పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూడండి. చెమ్మ తగిలితే, కాగితాలు ముందు పైకి తీయండి.

ఇట్లు,
మీ అన్నలు, 2002 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థులు